నికాన్ ఎఫ్ కెమెరా: దాని బరువు, దాని పొందిక



ఫొటోలు తీయు కెమెరా ఎంత తేలికగా నున్న అంత మేలని లోకుల తలంపు. జపాను దేశమున నిప్పాన్ కొగాకు సంస్థ 1959వ సంవత్సరమున వెలువరించిన నికాన్ ఎఫ్ అను కెమెరాను చేతబట్టిన వారికి ఈ తలంపు కొంత సడలక మానదు. కటకము లేకుండ దాని బరువు సుమారు 685 గ్రాములు. 50 మిల్లీమీటర్ల కటకమును తగిలించినచో కిలోకు దగ్గరపడును. మెడలో వ్రేలాడదీసికొని దినమంతయు తిరిగిన వానికి తోలుపట్టీ ఒరిపిడి బాగుగ తెలియును.

ఈ బరువు ఎందులకు? కంటికిని, ఫిల్మునకును ఒకే కటకము చూపు నొసగవలెనన్నచో నడుమ నొక అద్దముండవలెను. కటకము గుండ వచ్చిన వెలుగును ఆ అద్దము పైకి మరల్చును. పైనున్న గాజుపట్టకము కుడియెడమలు తారుమారు కాకుండ బొమ్మను కంటి కందించును. మీట నొక్కినంతనే అద్దము లేచి దారి విడుచును. షట్టరు తెరలు కదలి ఫిల్ముపై వెలుగును పడనిచ్చును. అద్దము మరల తన చోటికి దిగును. రెప్పపాటులో ఇంత పని జరుగవలెను గనుక చట్రము గట్టిది కావలసివచ్చెను. పట్టకమన్ననో, గాజుముద్దయే.

అద్దము లేచి తగిలినప్పుడు కెమెరా అదరును. తేలికపాటి పెట్టెను కదలించు అదురు బరువైన పెట్టెను అంతగా కదలింపజాలదు. తిరగలి క్రిందిరాయి బరువుగలదైననే కదా విసరునప్పుడు నిలుకడగా నుండును! మసక వెలుగులో సెకనులో ముప్పదవ వంతు కాలము షట్టరును తెరచియుంచవలసి వచ్చినప్పుడు ఈ నిలుకడ విలువ తెలియును. అయితే చేయి అలసిన పిదప ఆ బరువే వణకును తెచ్చును. ఈ మాటను దాని అభిమానులు తరచుగ చెప్పరు.

దీని రూపమును తీర్చినవారు యూసాకు కమెకూరా. ఆయన ఇంజనీరు కారు, చిత్రకల్పనలో ప్రవీణులు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడల చిహ్నము కూడ ఆయన రచనయే. పట్టకముపై లోహపు తొడుగును గుండ్రముగ చేయక, సూటిగీతలతో త్రికోణముగ నిలిపిరి. దూరమునుండి చూచినను ఈ కెమెరాను గుర్తింపవచ్చును.

చూపునకు బాగున్నదన్నంత మాత్రమున చేతికి బాగుండవలెనని లేదు. ఫొటో తీయు మీటను కెమెరా పైభాగమున మరీ వెనుకకు పెట్టిరి. 1957లో ఇదే సంస్థ వెలువరించిన నికాన్ ఎస్‌పి నుండి సంక్రమించిన అలవాటిది. వ్రేలు సహజముగ వాలుచోట మీట లేదు. వ్రేలిని ముడిచి వెనుకకు లాగవలెను. ఇంతకన్న పెద్ద లోపము మరొకటి కలదు. ఫిల్ము మార్చవలెనన్నచో వెనుకమూత అడుగుభాగముతో సహా పూర్తిగ ఊడి చేతికి వచ్చును. వియత్నాం యుద్ధమును చిత్రించిన విలేకరులలో అనేకులు ఈ కెమెరాను మోసినవారే. ముప్పదియారు చిత్రములు ముగిసిన వేళ, బురదలో నిలిచినవాడు ఒకచేత కెమెరాను, ఒకచేత క్రొత్త ఫిల్మును పట్టుకొని ఆ మూతను ఎచ్చట నుంచవలెను? చంకలో ఇరికించుకొనవలసినదే. ఆ లోపల కన్నులయెదుట జరిగిపోయిన దానికి చిత్రము లేదు. 1971లో వెలువడిన నికాన్ ఎఫ్2 కెమెరాకు తలుపువలె తెరచుకొను మూతను అమర్చి, మీటను ముందుకు జరిపిరి.

ఎఫ్ కెమెరా షట్టరునకు విద్యుత్తుతో పనిలేదు, స్ప్రింగులే దానిని నడుపును. వెలుగును కొలుచు మీటరును పట్టకపు తొడుగులోనే ఇమిడ్చి 1962 నుండి ఫొటోమిక్ పేరిట అమ్మిరి. దానితో పైబరువు హెచ్చి కెమెరా అందము చెడినది. ఆ మీటరులలో 1968 నాటి ఎఫ్‌టిఎన్ వంటివి కోరు పాదరసపు బ్యాటరీల తయారీ తరువాతి కాలమున నిలిచిపోయినది. పైతొడుగును ఊడదీసి మార్చుకొను వీలుండుటచే, నేటికిని ఈ కెమెరాను వాడువారిలో కొందరు మీటరును తీసి పెట్టెలో పెట్టి, సాదా పట్టకమును తగిలించి, వెలుగును కంటితోనే అంచనా వేసికొని చిత్రములు తీయుచున్నారు.