"నా వల్లే ఇలా అయిందా?"
(రోగుల కుటుంబ సభ్యుల కోసం ఉదయ ప్రార్థన తరువాత చేసిన ప్రసంగం)



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, చుట్టుపక్కల పల్లెల నుండి మీ వారిని తీసుకొని వచ్చారు. రోగి మంచం మీద ఉంటాడు, మీరు వరండాలో చాప మీద ఉంటారు. రోగికి జ్వరమెంత, బి.పి. ఎంత అని మేము చూసి రాస్తాము. మీ మనసులో ఏముందో రాసే చార్టు మా దగ్గర లేదు. అందుకే ఈరోజు మీతోనే మాట్లాడాలని వచ్చాను.

ఒక అక్క సంగతి చెబుతాను. పెనుకొండ దగ్గరి పల్లె. ఒకరోజు సాయంత్రం ఆమె భర్తకు మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. పడుకుంటే తగ్గుతుందిలే అనుకున్నారు. తెల్లవారేసరికి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. అప్పుడు ఆసుపత్రికి తెచ్చారు. ఆ అక్క సరిగ్గా అన్నం తినదు, నిద్రపోదు. "సాయంత్రమే పిల్చుకొచ్చింటే ఆయప్ప నడుస్తాండు గదా సిస్టరమ్మా? నేనే చెడగొట్టినాను" అని ఒకటే మాట.

"అలాంటిదేమీ లేదులే" అనడం సులువు. కాని అది నిజం కాదు. పక్షవాతంలో ఎంత తొందరగా వస్తే అంత మేలు. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి, గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. తలకు స్కాన్ తీశాకే ఇస్తారు. అయితే అది అందరికీ పనికిరాదు, ఇచ్చిన వారందరికీ పూర్తిగా నయం కాదు. కాబట్టి ముందే తెచ్చి ఉంటే ఏమయ్యేదో మనుషులెవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ఆ అక్కకు ఇదే చెప్పి, ఒక మాట అడిగాను. "ఆ సాయంత్రం అది పక్షవాతమని నీకు తెలుసా అక్కా?" "తెలీదమ్మా" అంది. తెలిసి వదిలేయడం వేరు, తెలియక ఆగడం వేరు.

మీరు మాత్రం తెలుసుకోండి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి బలం తగ్గినా, మాట తడబడినా ఆ నిమిషమే 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్ళు గాని, మందు గాని పోయవద్దు.

ఈ సందేహం నాకూ తెలుసు. నర్సుగా చేరిన కొత్తలో రాత్రి డ్యూటీ దిగి పడుకుంటే, "ఆ పేషెంటుకు ఇంజెక్షన్ సరిగ్గా ఇచ్చానా?" అని గుండె దడదడలాడేది. లేచి వార్డుకు పోయి చార్టు చూసేదాన్ని. సరిగ్గానే ఉండేది. పడుకుంటే మళ్ళీ అదే దిగులు. ఒక పెద్ద సిస్టర్ గమనించి, "ఒకసారి చూడటం నీ బాధ్యత. మూడోసారి చూడటం నీ భయం. బాధ్యత నువ్వు చెయ్యి, భయాన్ని ప్రభువుకు అప్పగించు" అన్నారు. ఇప్పటికీ నేను అలాగే చేస్తున్నాను.

జవాబు ఉన్న సందేహాన్ని మమ్మల్ని అడగండి. మందు గురించి, తిండి గురించి పదిసార్లు అడిగినా తప్పు లేదు. జవాబు లేకుండా మనల్ని నిందిస్తూ ఉండే సందేహాన్ని దేవుని దగ్గర పెట్టండి.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, ఇది ఇతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని అడిగారు. రెండూ కాదని యేసు ప్రభువు చెప్పి, అతనికి చూపు ఇచ్చాడు. పేతురు ప్రభువును ఎరుగనని మూడుసార్లు అన్నాడు. అది నిజంగా తప్పే. అయినా ప్రభువు సముద్రతీరాన నిప్పులు చేసి, చేపలు కాల్చి, ముందు అతనికి తిండి పెట్టాడు. తరువాత పని అప్పగించాడు. తప్పు లేనివారికీ, తప్పు చేసినవారికీ కూడా ఆయన దగ్గర చోటు ఉంది.

ధర్మవరం వారికి మగ్గం సంగతి నేను చెప్పనక్కర లేదు. పోగు తెగితే చీరంతా పారవేయరు. తెగిన చోట అతికి, మళ్ళీ నేస్తారు.

ఆ అక్క కూడా కొన్నాళ్ళకు, "ఇప్పుడు నేనేం చేయాలో చెప్పు" అని అడిగింది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చడం, చేతికి, కాలికి వ్యాయామం చేయించడం, బి.పి. మాత్ర మానకుండా వేయడం నేర్చుకుంది. భర్త కర్ర పట్టుకొని నడిచి ఇంటికి వెళ్ళాడు. చెయ్యి పూర్తిగా రాలేదు. ఆ సాయంత్రం ఇప్పటికీ గుర్తుకొస్తుందట. గుర్తుకొచ్చినప్పుడు ప్రార్థన చేసి, లేచి, ఆయన చేతికి వ్యాయామం చేయిస్తానని చెప్పింది.

చివరిగా, వేళకు తినండి, వంతులు వేసుకొని నిద్రపోండి. ఏలీయా ప్రవక్త ఇక చాలు, చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే, దేవదూత మందలించలేదు. లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రార్థన చేస్తున్నామని మందులు మానవద్దు. దిగులు తగ్గకపోయినా, బ్రతకడం ఎందుకనిపించినా దాచుకోవద్దు. మాకు చెప్పండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం వారి ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

మీరు ఏ మతం వారైనా సరే, రాత్రి నిద్ర పట్టకపోతే డ్యూటీ సిస్టర్ దగ్గరకు రండి. కాసేపు కూర్చుందాము. దేవుడు మీ మనసులకు నెమ్మది దయచేయును గాక.