తలుపు వెడల్పు కొలిచారా?

(పదవీ విరమణకు చేరువలో ఉన్న సిబ్బంది కోసం మా ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, డిపాజిట్ల గురించి, వీలునామా గురించి ఉదయం నుంచి విన్నారు. నేను మాట్లాడబోయేది బాత్రూమ్ గురించి. నవ్వుకోండి, ఫర్వాలేదు. రిటైరయ్యాక చేతికొచ్చే డబ్బుతో మనలో చాలామంది ముందుగా మొదలుపెట్టే పని ఇంటి మరమ్మతే. ఆ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి తప్పుగా చేశాను కాబట్టే రెండోసారి చేయాల్సి వచ్చింది.

మాది విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాటు. మొదటిసారి నేనూ మా ఆవిడా షోరూముకు వెళ్లి, నిగనిగలాడే తెల్ల టైల్స్ ఎంచుకున్నాం. గోడకూ అవే, నేలకూ అవే. అమ్మ చూసి, "అద్దంలా ఉందిరా" అని మురిసిపోయింది. ఆ అద్దం మీదే ఒక తెల్లవారుజామున జారి పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయ్యాక వాకరుతో ఇంటికి తీసుకొచ్చాం. బాత్రూమ్ దాకా నడిచింది. వాకరు తలుపులో పట్టలేదు. రెండడుగుల తలుపు, దానికి నాలుగంగుళాల గడప. టైల్స్ రంగు కోసం నాలుగు షాపులు తిరిగిన నేను, ఆ తలుపు వెడల్పు ఒక్కసారి కూడా కొలవలేదు.

మనం అప్పు ఇచ్చేటప్పుడు ఏం చూస్తాం? ఇవాళ్టి జీతం ఒక్కటే చూడం. పదిహేనేళ్ల తర్వాత వాయిదా ఎలా కడతాడో కూడా చూస్తాం. బాత్రూమ్‌కీ అదే లెక్క. పదిహేనేళ్ల తర్వాత దీన్ని ఎవరు వాడతారు? మీరే. అప్పటి మీ మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని ప్లాను వేయండి.

రెండోసారి నేను ఏం చేశానో చెబుతాను.

తలుపు తీసేసి, 32 అంగుళాల ఖాళీ వచ్చేలా పెట్టించాను. గడప తీయించాను. తలుపు బయటికి తెరుచుకునేలా బిగించాం. లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి దాని వెనక పడిపోయినప్పుడు తోయడానికి వీలుండదు. గడియ కూడా బయటి నుంచి తీయగలిగే రకమే వేయించాను.

నేలకు గరుకుగా ఉండే మ్యాట్ టైల్స్ వేయించాను. షాపులో టైలు మీద నీళ్లు పోయించి, కాలు పెట్టి చూసి కొన్నాను. కమోడ్ సీటు ఎత్తు 18 అంగుళాలు. పక్క గోడకు స్టీలు పట్టుకమ్మీ పెట్టించాను. టవల్ రాడ్డు ఉందిగా అనుకోకండి, అది మనిషి బరువు ఆపదు. కమ్మీ ఎక్కడ రావాలో టైల్స్ వేయకముందే మేస్త్రీకి గుర్తుపెట్టి చూపించాలి. అమ్మను అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడికి అందుతుందో చూసి గీత గీశాం.

ఇక కనపడని ఖర్చు. మొదటిసారి పాత నేల మీదే కొత్త టైల్స్ అంటించాం. ఏడాది తిరగకుండానే కింది ఇంటివాళ్ల సీలింగుకు చెమ్మ వచ్చింది. ఈసారి నేల మొత్తం పగలగొట్టించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్లు పోయే రంధ్రం మూసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టాం. కింది ఇంటికి వెళ్లి సీలింగు చూసి వచ్చాకే టైల్స్ మొదలుపెట్టాం. ఈ పరీక్షకు రెండు రోజులు పోతాయని మేస్త్రీ విసుక్కుంటాడు. వినకండి. నేల వాలు కూడా మీటరుకు ఒక సెంటీమీటరు పైన ఉండాలి, లేకపోతే నీళ్లు నిలిచి పాచి పడుతుంది.

పాత ఇనుప పైపులు తీయించి, వేడినీళ్లకు సీపీవీసీ పైపులు వేయించాను. గోడ మూసేముందు టేపు పట్టి, పైపులు ఎక్కడున్నాయో ఫోటోలు తీసుకున్నాను. ఆ తర్వాత అద్దం బిగించడానికి గోడకు డ్రిల్లు పెట్టినప్పుడు ఆ ఫోటోలే పైపును కాపాడాయి. గీజరు స్విచ్చి బయట పెట్టించి, ఎర్తింగు సరిచూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాను. తడి చేతులతో కరెంటు దగ్గర తిరిగే గది కదా, ఇక్కడ పొదుపు చేయకండి.

డబ్బు విషయం మీకు చెప్పాల్సిన పని లేదు, అయినా చెబుతాను. గృహరుణం దశలవారీగా విడుదల చేస్తాం కదా, మేస్త్రీకి కూడా అలాగే ఇవ్వండి. పగలగొట్టాక కొంత, పైపులయ్యాక కొంత, నీళ్ల పరీక్ష నెగ్గాక కొంత. ఎస్టిమేటు మీద పది, పదిహేను శాతం పక్కన ఉంచుకోండి. గోడ పగలగొడితే గానీ లోపలి సంగతి తెలియదు. ఒక పెట్టె టైల్స్ అదే బ్యాచ్‌వి దాచుకోండి, తర్వాత అదే రంగు దొరకదు. ఇంట్లో ఒక్కటే బాత్రూమ్ ఉంటే, పని జరిగే రోజుల్లో ఎక్కడ స్నానం చేయాలో కూడా ముందే అనుకోండి. మేం ఆ రోజుల్లో అమ్మను చెల్లెలి ఇంట్లో ఉంచాం.

తిరిగొచ్చిన రోజు అమ్మ వాకరుతో నేరుగా లోపలికి వెళ్లి, తలుపు వేసుకుంది. "ఎవరూ రావద్దు, నేను చేసుకుంటా" అని లోపలి నుంచి కేకేసింది. మూడు నెలల తర్వాత తనంతట తాను స్నానం చేయడం అదే మొదటిసారి. మా ఆవిడా నేనూ తలుపు బయటే నిలబడ్డాం. మగ్గు చప్పుడు వింటూ ఉన్నాం.

మొదటి మరమ్మతప్పుడే ఈ పని చేసి ఉంటే, అమ్మకు ఆ మూడు నెలలు ఉండేవి కావు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. మీకు ఉండకూడదనే ఈ మాటలు.

ఇవాళ ఇంటికి వెళ్లగానే టేపు తీసుకుని బాత్రూమ్ తలుపు కొలవండి. టైల్స్ సంగతి తర్వాత చూద్దాం. సెలవు.