శ్రీహరికోట: తీరం, దారి, మలుపు

చెన్నైకి ఉత్తరాన, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న దీవి శ్రీహరికోట. రాకెట్ కేంద్రానికై 1969లో ఈ స్థలాన్ని ఎంపిక చేశారు. అడవిని నమ్ముకొని అక్కడ తరతరాలుగా బ్రతికిన యానాదులు ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. విజయగాథలలో ఈ మాట అరుదుగా వినబడుతుంది.

భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుతున్నది. భూమధ్యరేఖ వద్ద ఆ వేగం సెకనుకు సుమారు 465 మీటర్లు. ధ్రువాల వైపు పోయేకొలదీ తగ్గుతుంది. తూర్పుముఖంగా ఎగిరే రాకెట్టుకు అది అప్పనంగా లభించే బలం. ఫ్రెంచి గయానాలోని కౌరూ 5 డిగ్రీల అక్షాంశంపై ఉండగా, బైకనూరు దాదాపు 46 డిగ్రీలపై ఉన్నది. శ్రీహరికోట 14 డిగ్రీలలోపే. పైగా తూర్పున అంతా సముద్రమే. 1979 ఆగస్టు 10న ఎగిరిన తొలి ఎస్.ఎల్.వి.-3 ఆ సముద్రం పాలయింది. మరుసటి సంవత్సరం జులై 18న అదే తీరం నుండి రోహిణి కక్ష్యకు చేరింది.

చిక్కల్లా ధ్రువకక్ష్యతోనే. నేరుగా దక్షిణానికి పోదామంటే శ్రీలంక అడ్డు. అందుచేత పి.ఎస్.ఎల్.వి. మొదట ఆగ్నేయంగా సాగి, పిమ్మట దక్షిణానికి మళ్ళుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చయి, మోయగల బరువు తగ్గుతుంది. పెద్ద రాకెట్టు ఓర్చుకోగలదు గాని, చిన్నదానికి అది పెనుభారం. కనుకనే తమిళనాడు దక్షిణ తీరాన కులశేఖరపట్టణంలో రెండవ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు. అక్కడి నుండి దక్షిణానికి మలుపు లేదు. ఎదురుగా ఉన్నది హిందూ మహాసముద్రమే.