రెండు నీలములు



ఢిల్లీలో ఉద్యోగరీత్యా నివసించు ఒక తెలుగు కుటుంబమువారు, స్వగ్రామమునుండి వచ్చిన వృద్ధమాతకై ఉత్తరపు కిటికీగల గదికి నీలిరంగు వేయింపదలచిరి. దుకాణమునుండి రెండు రంగుచీటీలను తెచ్చిరి. ఒకటి ఆకాశవర్ణము, రెండవదానిలో ఇంచుక పచ్చదనము కలదు. కుమారుడు మొదటిది మేలనెను. కోడలు రెండవది మేలనెను. తల్లి రెంటిని చూచి, "రెండూ ఒకటేగా నాయనా! రాత్రి లేస్తే తలుపు కనబడితే చాలు" అనెను.

మువ్వురిలో పొరబడినవారెవరు? ఎవరును కారు. రంగు గోడయందు మాత్రమే కాదు, వెలుతురునందును, చూచు కంటియందును ఉండును. ఉత్తరపు కిటికీలో ఎండ తక్కువ; వచ్చునది ఆకాశపు వెలుతురు. అందు లేతనీలము మరింత చల్లగా తోచును. రాత్రి పసుపుచ్ఛాయగల దీపముక్రింద అదియే బూడిదవన్నె దాల్చును. పగలు కవలలవలె నున్న రెండురంగులు, వానిలోని వర్ణద్రవ్యములు వేరగుటచే, దీపపు వెలుగున వేరుపడుటయు కలదు. పారిస్ నగరమున గోబెలిన్స్ కార్ఖానాలో అద్దకపు శాఖాధిపతియైన షెవ్రల్, ప్రక్కనున్న రంగునుబట్టి రంగు మారినట్లు కనబడునని 1839లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. కావున తెల్లని చీటీ అంచున చూచిన నీలము, ఎర్రని గచ్చు చెంత అట్లే కనబడదు.

ఇక తల్లి మాట. వయస్సు మీరినకొలది కంటికటకము పసుపుబారును. శుక్లము ముదిరినచో నీలకాంతి లోనికి చేరుట తగ్గును. చిత్రకారుడు మోనే 1923లో శుక్లమునకు శస్త్రచికిత్స పొందిన పిమ్మట, అంతయు మితిమీరిన నీలముగ కనబడుచున్నదని వాపోయెను.

ఆ దంపతులు చీటీలను ప్రక్కనబెట్టి, చిన్నడబ్బాలు తెప్పించి, గోడపై రెండడుగుల చదరములుగ రెండేసి పూతలు వేయించిరి. ఆరిన పిమ్మట ఉదయమున, మధ్యాహ్నమున, దీపములు పెట్టినవేళ చూచిరి. నాలుగు గోడలు ఒకదానిపై నొకటి కాంతిని ప్రసరింపజేయుటచే రంగు చీటీలోకంటె ముదురుగ తోచును. కనుక ఆకాశవర్ణములోనే ఒకమెట్టు లేతదానిని ఎన్నుకొనిరి. తలుపుచట్రమునకు మాత్రము ముదురుగోధుమవన్నె వేయించిరి. పిదప తల్లిని కంటివైద్యునికి చూపగా, రెండుకన్నులను శుక్లములున్నట్లు తేలెను.

నీలములలో ఏది మేలను వివాదము ఆనాటితో ముగిసెను. గదిలో ఎవరుందురో, వారి కంటికి ఏమి కనబడునో ముందుగ విచారించుటయే రంగు నెన్నుకొనుటకు తొలిమెట్టు.