కొలిమి చల్లారనీయకుడు



గ్రామ వృత్తులను గూర్చి మాటాడునప్పుడు మనము మగ్గమును, కుమ్మరి సారెను తలచుదుము. కమ్మరి కొలిమిని మరచుచుందుము. నాగటి కర్రు మొదలు కొడవలి వరకు రైతు చేతికి పనిముట్టు నందించినవాడు కమ్మరియే. నేడు ట్రాక్టరు వచ్చి కర్రు పని తగ్గినది. అంగడి సరకు వచ్చి కొడవలి పనియు తగ్గినది. ఇక అతని చేతికి మిగిలిన పని యేమి? సమాధానముగా ఒక చిన్న వస్తువును మీ ముందుంచుచున్నాము. అది మడత చాకు.

ఉక్కు విద్య మనకు క్రొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో ఉక్కు చేయు పద్ధతిని హెన్రీ వాయిసీ వర్ణించెను. ఆ వ్రాత 1832లో అచ్చయినది. ఆ ఉక్కు కొరకు పారశీక వర్తకులు అంత దూరము వచ్చెడివారు. లండనులో కత్తులు చేయు జేమ్స్ స్టోడార్ట్ మన దేశపు ఉక్కును మెచ్చి, 1820 ప్రాంతమున మైకేల్ ఫారడేతో కలసి ఉక్కుపై పరిశోధనలు జరిపెను. అంతటి విద్యయు, చౌకయైన యంత్రపు ఉక్కు వచ్చి కొనువారు కరవగుటతో అడుగంటినది. చేతి విద్యకు నేర్పు ఒక్కటియే చాలదు, గిరాకియు కావలయును.

మడత చాకులో ముఖ్య భాగములు నాలుగు: అలుగు, వెన్నుబద్ద, ఇరుసు మేకు, పిడి. పాత లారీ కమాను పట్టీ అలుగునకు తగిన ఉక్కు. దానిని దాగలిపై సాగగొట్టి, ఆకురాయితో రూపు దిద్ది, కొలిమిలో కాల్చవలయును. సుమారు 770 డిగ్రీల వేడిలో ఉక్కు అయస్కాంతమునకు అంటుకొనుట మానును. మరికొంత కాచి నూనెలో ముంచినచో గట్టిపడును గాని, గాజువలె పెళుసగును. కావున మరల మెల్లగా వేడిచేయవలయును: అలుగును ఎండుగడ్డి రంగు వచ్చువరకు, అనగా 200 నుండి 230 డిగ్రీల వరకు, వెన్నుబద్దను నీలిరంగు వచ్చువరకు, అనగా సుమారు 300 డిగ్రీల వరకు. అలుగు వాడి నిలుపుకొనవలయును. బద్ద వంగి మరల లేవవలయును. ఇరుసు మిక్కిలి బిగువైనచో చాకు తెరచుకొనదు; వదులైనచో వ్రేలు తెగును.

అంటుకట్టు తోటమాలికి ఒక తీరు, గొఱ్ఱెల కాపరికి వేరొక తీరు కావలయును. కొనువాని చేతికి, పనికి సరిపడునట్లు చేయుటయే ఇంటి కార్ఖానాకు గల బలము. దీనికి గాలి వచ్చు ఒక గది, కొలిమి, దాగలి, సానరాయి, తమర చాలును. కంటికి అద్దములు, ప్రక్కన ఇసుక బకెట్టు తప్పక ఉండవలయును.

దూలపల్లిని చూడుడు. ఒకప్పటి ఆ పల్లె నేడు నగరములో కలిసిపోయినది. అటవీ అకాడమీ అచ్చటనే కలదు. జీడిమెట్ల కర్మాగారములు చేరువనే కలవు. నగరము మేడ్చలు, శామీరుపేటల వైపునకు ప్రాకినకొలది పాత గిరాకియైన రైతు తగ్గును. ఇంటితోటల వారు, వంటవారు క్రొత్త గిరాకిగా వత్తురు. వారు వచ్చునాటికి కమ్మరి సమ్మెటను విడిచి కాపలా కొలువునకు పోయినచో, ఆ విద్యను తిరిగి తెచ్చువారెవరు?

ఇచ్చట మీ బాధ్యత కలదు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో కమ్మరమును చేర్చిరి. శిక్షణ దినములకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, తొలి విడత ఋణముగా 1 లక్ష వరకు లభించును. గ్రామములలో దరఖాస్తును మొదట పరిశీలించునది పంచాయతీయే. సుత్తి పట్టనివానికి మీరు ఆమోదము తెలిపినచో, నిజమైన కమ్మరి వెనుకబడును. జాగు చేసినచో అతడు విసిగిపోవును.

మరియొక మాట. 1959 నాటి ఆయుధ చట్టము క్రింది నియమములు ఇంటికి, వ్యవసాయమునకు చేసిన కత్తులను ఆయుధములనుండి వేరుచేసి చూచుచున్నవి. మీట నొక్కగనే విచ్చుకొను కత్తుల జోలికి పోవలదని, గోటితో తెరచు చిన్న చాకులనే చేయుమని కమ్మరికి చెప్పుడు.

మీ ఊర కొలిములెన్ని, వానిలో మండుచున్నవెన్ని అని వచ్చు గ్రామసభలో లెక్క తీయుడు. పంచాయతీ తోటపనికి కావలసిన కత్తులను మొదట మీ కమ్మరి వద్దనే చేయింపుడు. అడుగువాడున్న చోట కొలిమి చల్లారదు.