రెండు గీతలు, ఒక గీత

(రాజాంలో మహిళా సంఘాల సభ్యుల ముందు ఒక ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!

ఈ రోజు మత్తు పరీక్షల గురించి చెప్పుకుందాం. "మాకెందుకమ్మా ఈ సంగతి?" అంటారేమో. ముందు ఒక తల్లి కథ వినండి. పేరు చెప్పను. ఊరూ చెప్పను.

ఆమె కూలి పని చేస్తుంది. కొడుక్కి పదిహేడేళ్లు. రోజూ రాత్రి ఆలస్యంగా వస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. "మీ గుంటడు గంజాయి తాగుతున్నాడు" అని ఎవరో ఆమె చెవిన వేశారు. ఆమె పరీక్ష పట్టీ ఒకటి తెప్పించింది. కొడుకుని బెదిరించి మూత్రం పట్టించింది. పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి. ఆమె గుండె జారిపోయింది. గర్భం పరీక్షలో రెండు గీతలు వస్తే కడుపు వచ్చినట్టే కదా! ఇదీ అంతే అనుకుంది. చీపురు తిరగేసి కొట్టింది. కుర్రాడు ఇల్లు విడిచి పోయాడు.

"నానేటి సేసేది తల్లీ?" అని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. పట్టీతో పాటు వచ్చిన కాగితం ఆమె కొంగున ఉంది. ఇద్దరం కూర్చుని కూడబలుక్కుని చదివాం. అప్పుడు తెలిసింది. ఆ రెండు గీతలకు అర్థం గంజాయి ఆనవాలు లేదని!

నాలుగో రోజున కుర్రాడు బొబ్బిలిలో మేనత్త ఇంట్లో దొరికాడు. ఫోను కొన్న అప్పు తీర్చాలని రాత్రిళ్లు లారీల దగ్గర బస్తాలు మోస్తున్నాడట. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి.

చూశారా! ఒక గీత తప్పు చదివితే ఎంత పని జరిగిందో!

అందుకే బాగా గుర్తు పెట్టుకోండి. మూత్రం పట్టీ మీద సి, టి అని రెండు చోట్లు ఉంటాయి. కొన్నిట్లో టి బదులు మత్తు పదార్థం పేరు ఉంటుంది. రెండు చోట్లా గీత వస్తే మత్తు ఆనవాలు దొరకలేదని అర్థం. టి గీత పలచగా ఉన్నా అది గీతే. సి దగ్గర ఒక్క గీతే వస్తే అనుమానం ఉన్నట్టు. సి గీత అసలు రాకపోతే ఆ పట్టీ పనికిరాదు. చెప్పిన సమయం దాటాక చూడకూడదు.

ఇంకా ఏ పరీక్షలు ఉన్నాయి?

సారా, బ్రాందీ తాగినవాళ్లకు ఊపిరి పరీక్ష. పోలీసులు రోడ్డు మీద గొట్టం ఊదిస్తారు కదా, అదే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ మద్యం ఉండగా బండి నడిపితే నేరం. ఆ గొట్టంలో గంజాయి తెలియదు.

గంజాయికి ఉమ్మి పరీక్ష ఉంది. ఒకటి రెండు రోజుల లోపలి వాడకాన్ని చెబుతుంది. మూత్రంలో అయితే, ఎప్పుడో ఒకసారి తాగినవాడికి మూడు రోజుల దాకా కనిపించవచ్చు. రోజూ తాగేవాడికి, మానేశాక కూడా నెల దాకా కనిపించవచ్చు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అందుకని వెంట్రుక పరీక్షలో సుమారు మూడు నెలల సంగతి తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పట్టీ చెప్పేది అనుమానం మాత్రమే. అది తీర్పు కాదు. కొన్ని దగ్గు మందుల్లో కోడీన్ ఉంటుంది. అది నల్లమందు జాతిది. మనం కూరలో వేసే గసగసాలు కూడా ఒక్కోసారి నల్లమందు పరీక్షలో గీతను మార్చేస్తాయి. అందుకే పరీక్షకు ముందు వాడిన మందులన్నీ చెప్పాలి. అనుమానం వస్తే ప్రయోగశాలలో పెద్ద యంత్రం మీద మళ్లీ చూపించాలి. నిజంగా ఆనవాలు ఉన్నా, ఎంత తాగాడో, వ్యసనం అయిందో లేదో పట్టీ చెప్పదు. అది మనిషితో మాట్లాడితేనే తెలుస్తుంది.

మరి బిడ్డ నిజంగానే గంజాయికి అలవాటు పడితే? దాచకండి. కొట్టకండి. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం ప్రకారం గంజాయి తాగడం నేరమే. కానీ అదే చట్టంలో 64ఏ సెక్షను ఉంది. వ్యసనపరుడు తానుగా ముందుకొచ్చి, సర్కారు ఆసుపత్రిలో గానీ, సర్కారు గుర్తించిన చోట గానీ పూర్తిగా వైద్యం చేయించుకుంటే, తాగిన నేరానికి శిక్ష తప్పించే వీలుంది. అమ్మేవాళ్లకు ఈ రక్షణ లేదు.

సలహా కోసం 14446కి ఫోను చేయండి. గంజాయి అమ్మేవాళ్ల సంగతి చెప్పాలంటే 1972కి చేయండి. రెండింటికీ డబ్బులు పడవు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లూ మనలాంటి కూలి తల్లులే.

మనకీ ఇప్పుడు అక్షరం వచ్చింది. చెయ్యి ఎత్తే ముందు కాగితం చదువుదాం. చదివి, బిడ్డని దగ్గర కూర్చోబెట్టి అడుగుదాం.

సెలవు.