ఒకటే రేటు ఎవరికి న్యాయం?

(ఎల్బీనగర్‌లో ఉద్యోగులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మా ముందు ఒక ప్రశ్న పెట్టారు. "ఆదాయపన్ను అందరికీ పది శాతం పెడితే తప్పేంది? లక్ష సంపాదించెటోడు పది వేలు కడ్తడు, కోటి సంపాదించెటోడు పది లక్షలు కడ్తడు. ఎక్కువున్నోడు ఎక్కువ కట్టినట్టే గదా?" ఇది కొట్టిపారేసే వాదన కాదు. జవాబు చెప్పాల్సిందే.

ముందు మన ఇంట్లో సంగతి చూద్దాం. ఇక్కడున్న ఉద్యోగులు మీ జీతం చీటీ తీయండి. వృత్తిపన్ను అని ఒక గడి ఉంటుంది. 1987 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం అది. 2013లో ఖరారైన స్లాబుల ప్రకారం నెల జీతం 15 వేలు దాటితే 150 రూపాయలు, 20 వేలు దాటితే 200 రూపాయలు. ఆపైన జీతానికి మెట్లే లేవు. 20,500 తెచ్చుకునే గుమాస్తాకూ 200, రెండు లక్షలు తీసుకునే పెద్ద ఆఫీసరుకూ 200. లెక్క కట్టండి. గుమాస్తా వందకు దాదాపు రూపాయి కడుతున్నాడు. ఆఫీసరు వందకు పది పైసలు కడుతున్నాడు. ఇదేనా సమానత్వం?

"అది ఒకటే మొత్తం, మేం అడిగేది ఒకటే రేటు" అంటారు. సరే, రేటుకే వద్దాం. నెలకు 30 వేలు వచ్చే ప్రైవేటు టీచరు దగ్గర పది శాతం అంటే మూడు వేలు. అది ఇంటి కిరాయిలో, పిల్లల ఫీజులో పడే కోత. మూడు లక్షలు వచ్చే వారి దగ్గర 30 వేలు పోతే బ్యాంకులో దాచుకునే దాంట్లో కోత. శాతం ఒకటే, దెబ్బ ఒకటి కాదు. ఎంత కట్టారన్నది ఒక్కటే కాదు, కట్టినంక చేతిలో ఎంత మిగిలిందన్నదీ చూడాలి.

ఇప్పుడున్న మెట్లతో పోల్చుదాం. 2025 బడ్జెట్ తెచ్చిన కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల లోపు ఆదాయమున్న ఉద్యోగికి రిబేటు పోగా పన్ను సున్నా. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 50 లక్షలుంటే, సెస్సు పక్కన పెట్టినా 10 లక్షల 80 వేలు కట్టాలి. మినహాయింపు లేకుండా అందరికీ పది శాతం పెట్టామనుకోండి. 12 లక్షల ఉద్యోగి మీద 1 లక్షా 20 వేలు పడుతుంది. 50 లక్షల వారికి 5 లక్షల 80 వేలు మిగులుతుంది. ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోంది?

"పేదలకు మినహాయింపు ఇస్తాం" అని ఒకటే రేటు కోరేవాళ్లే అంటారు. అన్నారంటే, సున్నా ఒక రేటు, పది ఇంకో రేటు అయింది. మెట్లు ఉండాలని వాళ్లే ఒప్పుకున్నారు. ఇక తగాదా మెట్లు ఎక్కడ ఆపాలన్న దాని మీదనే.

సులువు సంగతికొస్తే, పన్ను చిక్కు స్లాబుల వల్ల వచ్చింది కాదు. మినహాయింపులు, వాటికి షరతులు, కాగితాలు, వీటి వల్ల వచ్చింది. స్లాబు లెక్క పదో తరగతి పిల్లవాడు వేస్తాడు. అయితే మెట్లు మరీ నిటారుగా కట్టడమూ తప్పే. 1973-74లో మన దేశంలో పై రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. అంత రేటు పెడితే జనం కట్టరు, దాచుకుంటారు. మేం దాన్ని సమర్థించడం లేదు.

బయటి దేశాల అనుభవమూ ఉంది. ఎస్టోనియా 1994లో ఒకటే రేటు పెట్టింది, ఆ పద్ధతి వదల్లేదు. రష్యా 2001లో 13 శాతం పెట్టింది. 2021లో పెద్ద ఆదాయాలకు 15 చేసింది, 2025 నుంచి 22 శాతం దాకా అయిదు మెట్లు కట్టింది. స్లోవేకియా 2004లో 19 శాతం పెట్టి 2013లో వదిలేసింది.

ఇంకో మాట. ఆదాయపన్ను కట్టని వాళ్లు ఉత్తగా తింటున్నారని కొందరు ఎద్దేవా చేస్తారు. చైతన్యపురి హాస్టల్లో ఉండే విద్యార్థి కొనే సబ్బు మీద, టూత్‌పేస్టు మీద 2025 సెప్టెంబరు దాకా 18 శాతం జీఎస్టీ ఉండె, తర్వాత 5 అయింది. కోటీశ్వరుడికీ అదే రేటు. బండి మీద పార్సెళ్లు మోసే పిల్లవాడు పోయించుకునే పెట్రోలుకూ, పెద్ద కారు పెట్రోలుకూ రాష్ట్ర వ్యాట్ ఒకటే. పేదోడి మీద ఒకటే రేటు ఎప్పటి నుంచో ఉంది. మెట్లున్నది ఆదాయపన్నులోనే. దాన్నీ చదును చేస్తే ఇక మిగిలేదేమిటి?

కాబట్టి మనం అడగాల్సింది స్పష్టం. వృత్తిపన్ను మినహాయింపు పరిమితిని పెంచాలి. కర్ణాటక 2023లో 25 వేల లోపు జీతాలకు ఈ పన్ను తీసేసింది. మన దగ్గర ఎందుకు కాదు? రెండోది, రాజ్యాంగం 276వ అధికరణం వృత్తిపన్నుకు ఏడాదికి 2,500 అని కప్పు వేసింది. 1988లో 250 నుంచి పెంచిన కప్పు అది. దాన్ని కదిలించాలంటే పార్లమెంటే కదలాలి. కదిలించిన నాడు భారం పై జీతాల మీద పడాలి గాని, గుమాస్తా మీద కాదు.

ఉద్యోగ సంఘాలు పీఆర్సీ అడిగినంత గట్టిగా ఈ సంగతీ అడగాలి. ఒకటే రేటు న్యాయమని ఎవరైనా అంటే, జీతం చీటీలోని ఆ 200 రూపాయల గడి చూపించండి.